సెల్బ్‌లో పింగాణీ వింతలు

హోఫ్‌లో చిన్న రైలెక్కి సెల్బ్ ప్లోస్‌బెర్గ్‌లో దిగాను. చెక్ సరిహద్దుకు కూతవేటు దూరంలో, జర్మనీలోని బవేరియా ఈశాన్య మూలన ఉన్న సెల్బ్ తరతరాలుగా పింగాణీని నమ్ముకుని బతికిన ఊరు. స్టేషన్‌కు దగ్గర్లోని, పింగాణీ కంపెనీ రోజెంటాల్ పాత కర్మాగారం 1969లో మూతబడింది. ఇప్పుడది పోర్జెలానికాన్ అనే మ్యూజియం.

అద్దాల బీరువాల కంటే ముందు తయారీ గదులు చూడటం మంచిదయింది. కయోలిన్ అనే తెల్ల మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే ఖనిజాలు కలిపిన పలుచని మట్టిని ఒకావిడ ప్లాస్టర్ అచ్చులో నిండా పోసింది. అచ్చు నీటిని పీల్చుకుంటూంటే అంచు వెంబడి మట్టి గోడ కట్టింది. మిగిలిన మట్టిని వంపేసి, కాసేపాగి అచ్చు విప్పితే టీ కూజా బయటికొచ్చింది. అతుకు గీతలను చాకుతో గీకి, తడి స్పాంజితో తుడిచి, పిడికి చివర కాస్త మట్టి రాసి అతికించింది. ఆ కూజా దాదాపు 1400 డిగ్రీల బట్టీలో కాలి, ఆరో వంతు కుంచించుకుపోతుందట. ఆ వేడికి పింగాణీ మెత్తబడుతుంది కూడా. గుండ్రటి పళ్లెం అన్ని వైపులా సమంగా కుదించుకుంటుంది కాబట్టి గట్టెక్కుతుంది. నలుచదరపు పళ్లేనికి మూలలు లేస్తాయి, వెడల్పు అంచు కుంగుతుంది. కొత్త ఆకారం గీయడానికి కాగితం చాలు, నిలబెట్టడానికి బట్టీ ఒప్పుకోవాలి!

ఇది తెలిశాక పై అంతస్తులో వస్తువులను చూసే తీరే మారిపోయింది. 1961లో ఆ కంపెనీ అధిపతి ఫిలిప్ రోజెంటాల్ మొదలుపెట్టిన 'స్టూడియో లైన్' అనే శ్రేణి కోసం బయటి కళాకారులు చేసినవి అక్కడ చాలా ఉన్నాయి. ఫిన్లాండ్ డిజైనర్ తాపియో విర్కాలా నలిగిన కాగితపు సంచిని పింగాణీలో దింపాడు. చూడముచ్చటగా ఉంది, కానీ అది పూలకుండీ కదా, చేతికి దానితో పెద్ద పనిలేదు. నన్ను కదలనివ్వనిది జర్మన్ డిజైనర్ లుయిజి కొలాని 1971 నాటి 'డ్రాప్' టీ సెట్టు. నీటిబొట్టులాంటి కూజా. మామూలు కూజాకు పిడి ఒక పక్కన వేలాడుతుంది. నిండుగా ఉంటే బరువంతా మణికట్టు మీదే. కొలాని పిడిని కూజా ఒంట్లోకి, గరిమనాభికి, అంటే బరువంతా కేంద్రీకృతమయ్యే చోటికి, దగ్గరగా జరిపాడు. వింతగా కనిపించేదంతా బరువు లెక్క నుంచి పుట్టిందే. దాన్ని ఎత్తి చూడాలని చేతులు దురద పెట్టాయి, మధ్యలో అద్దం!

ఆ కోరిక ఊళ్లోని దుకాణంలో కొంత తీరింది. ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ 1969లో రూపొందించిన 'టాక్' టీ కూజా ఇప్పటికీ తయారవుతోంది. రోజెంటాల్ కొత్త కర్మాగారాన్ని 1967లో కట్టిందీ ఆయనే. అర్ధగోళంలాంటి ఆ కూజాను ఎత్తి, వంచి చూశాను. పిడిలో వేళ్లు ఇరుకు పడలేదు. పక్క వరుసలో మూల పైకి లేచిన పళ్లెమొకటి కనిపించింది. డిజైనర్ లేపాడా, బట్టీ లేపిందా అని అడిగితే అమ్మకందారు నవ్వి, "తెలియదండీ, కానీ పేర్చి పెట్టడానికి మాత్రం చచ్చేంత కష్టం" అంది.