వెనక చక్రాలు ముందుకొచ్చిన రోజు

నిన్న ఇంగ్లండ్‌లో లిచ్‌ఫీల్డ్ దగ్గర కర్‌బరో స్ప్రింట్ ట్రాక్ మీద నా మాజ్డా ఎంఎక్స్-5 కారు గిర్రున తిరిగి గడ్డిలో ఆగింది. తప్పు పూర్తిగా నాదే.

స్ప్రింట్‌లో పక్కన ఇంకో కారు ఉండదు. ఒక్కొక్కరే వెళ్లాలి, పోటీ గడియారంతో. పచ్చ లైటు వెలగగానే దూకక్కర్లేదు. కారు ముందు బిగించిన నల్ల పట్టీ, స్టార్ట్ లైన్ దగ్గరుండే టైమింగ్ కాంతి కిరణాన్ని అడ్డుకున్నప్పుడే టైమ్ మొదలవుతుంది. ఇది తెలిసీ మొదటి ఏడాదంతా లైటు చూసి కంగారుపడ్డాను, అది వేరే కథ.

చలికాలమంతా గరాజ్‌లోనే ఉండి కొత్త బ్రేక్ ప్యాడ్లు, వెనక అడ్జస్టబుల్ యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) వేశాను. బార్ చివర రెండు రంధ్రాలు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకుని లోపలి దాంట్లో బిగించాను. పొద్దున టైర్లు ఇంకా చల్లగానే ఉన్నాయి. రెండో మలుపులో వెనక భాగం నన్ను దాటుకుని ముందుకొచ్చేసింది. ఆ క్షణంలో కనిపించింది ఆకాశం, గడ్డి, మళ్లీ ఆకాశం.

క్లబ్‌లో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు. ఏమీ అడక్కుండా ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, కారు కిందికి తొంగిచూసి, "బయటి రంధ్రంలోకి మార్చు" అన్నారు. అంతే. ఒక జాకీ, ఒక స్పానర్, ఇరవై నిమిషాలు, మోకాళ్ల నిండా బురద.

మధ్యాహ్నం 39.6 సెకన్లు! నా పాత టైమ్ 40.0.

"అర సెకను కూడా కాదు కదండీ, దీనికా ఆర్నెల్లు?" అంది మా ఆవిడ ఫోన్‌లో. నేను టైర్ల ధరలు చూస్తూ ఊఁ కొట్టాను.