ల్యాబ్ ఉద్యోగం చేస్తూ నెట్ రాసిన నా అనుభవం

ఉద్యోగం చేస్తూ సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ (జీవశాస్త్రాల్లో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్‌కీ, లెక్చరర్ అర్హతకీ పెట్టే జాతీయ పరీక్ష) చదవడం కుదురుతుందా అని జూనియర్లు అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. మా ఇల్లు విజయవాడ, పని గుంటూరులో ఒక జెనెటిక్స్ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా. మాటలు రాని పిల్లలు, ఎదుగుదల ఆలస్యమైన పిల్లల రక్తం నుంచి డీఎన్ఏ తీయడం, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి లక్షల కాపీలు తీసే పద్ధతి) పెట్టడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడి పెడిగ్రీ (వంశవృక్షం) గీయడం, ఇదీ పని.

రోజూ చేసేదే కదా అని మొదటిసారి జెనెటిక్స్ ముట్టుకోలేదు, బోల్తా పడింది సరిగ్గా అక్కడే. కిట్‌తో చేసే పనికి చెయ్యి అలవాటు పడుతుంది కానీ బుర్రకి ఏమీ ఎక్కదు.

ఒక సంగతి చెప్తా. పెడిగ్రీలో రెండు గీతలు (దగ్గరి బంధువుల పెళ్లికి గుర్తు) కనిపిస్తే చాలు, ఆటోజోమల్ రిసెసివ్ (అమ్మ, నాన్న ఇద్దరి నుంచీ లోపమున్న జీన్ వస్తేనే వచ్చే జబ్బు) అనేసే అలవాటు నాది. మన వైపు మేనరికాలు మామూలే కాబట్టి మేనమామ అయితే పిల్లలకి ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియంట్ (ఒక జీన్ రెండు కాపీలూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశం) 1/8, మేనబావ అయితే 1/16 అని నోటికొచ్చు. ఒక బాబు వాళ్లమ్మ "మా మేనత్త కొడుకునే చేసుకున్నానండీ" అనగానే రిసెసివ్ అని రాసేశా. మా సార్ చూసి, "ఆవిడ నాన్నగారికి చేతులు వణుకుతాయేమో అడిగావా?" అన్నారు. అడిగితే వణుకుతాయట, నడిచేటప్పుడు తూలతారట కూడా. టెస్ట్ చేస్తే బాబుకి ఫ్రాజైల్ ఎక్స్ (ఎక్స్ క్రోమోజోమ్ మీది ఒక జీన్ వల్ల మాటలు, ఎదుగుదల వెనకబడే జబ్బు). ఎఫ్ఎంఆర్1 జీన్‌లో సీజీజీ రిపీట్లు (ఆ మూడు డీఎన్ఏ అక్షరాలు వరసగా మళ్లీ మళ్లీ రావడం) 55 నుంచి 200 దాకా ఉంటే ప్రీమ్యుటేషన్ (పూర్తి జబ్బుకి ముందు దశ, తాతగారి వణుకు, తూలడం దీనివల్లే), తాత నుంచి అది కూతుళ్లందరికీ వెళ్తుంది కానీ పెద్దగా పెరగదు, తల్లి నుంచి బిడ్డకి వెళ్లేటప్పుడే 200 దాటేది, దాటితే మిథైలేషన్‌తో (డీఎన్ఏకి మిథైల్ గుంపులు అతుక్కుని) జీన్ మూతపడుతుంది. మేనరికానికీ దీనికీ సంబంధమే లేదు!

ఆ రోజు నుంచి ఏ శాంపిల్ వస్తే ఆ రాత్రి దాని టాపిక్ చదివా. ఆ ఒక్క బాబుతోనే ఎక్స్ లింకేజ్, యాంటిసిపేషన్ (తరం మారేకొద్దీ జబ్బు ముదరడం), సదరన్ బ్లాట్ (రిపీట్ల పొడవు చూసే డీఎన్ఏ పరీక్ష) వచ్చేశాయి.

మిగతాదంతా రైల్లోనే. కృష్ణా కెనాల్ స్టేషన్‌లో బండి ఆగిపోతే తిట్టుకునేదాన్ని, తర్వాత ఆ టైమే ఎకాలజీకి ఇచ్చేశా. ప్లాంట్ ఫిజియాలజీ మాత్రం పార్ట్ బీ (పేపర్లో కాస్త తేలిక ప్రశ్నల భాగం) వరకే చదివా, సిగ్గేం లేదు. లోతైన ప్రశ్నలుండే పార్ట్ సీలో 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పయితే 1 పోతుంది, కాబట్టి అన్ని యూనిట్లూ లోతుగా అక్కర్లేదు. కానీ ల్యాబ్ వాళ్లు మెథడ్స్ యూనిట్ వదలకండి, మీకు సగం వచ్చినట్టే.

రెండోసారి లెక్చరర్‌షిప్ వచ్చింది, జేఆర్ఎఫ్ కొద్దిలో పోయింది. మళ్లీ రాస్తున్నా, ఈసారి ప్లాంట్ ఫిజియాలజీ కూడా బ్యాగులో ఉంది.