సుంకి ఘాటీలో తేలిన బండి లెక్క

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుంటే రోడ్డు తన మీదకే తాను తిరిగినట్టు మెలిక పడే మలుపొకటి ఉంది. కిందటి కార్తీకంలో సరిగ్గా అక్కడే నా ముందున్న సరుకు లారీ నడక వేగానికి వచ్చేసింది. నేను మా మేనల్లుడి కేటీఎం 200 డ్యూక్ బైకు మీద ఉన్నాను. వెనక మా ఆవిడ, మా ఇద్దరి మధ్య స్ప్రేయర్ల విడిభాగాల సంచి. లారీ కాస్త పక్కకి ఇవ్వగానే ఎక్సిలేటర్ తిప్పాను. ఇంజన్ గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టు వణికి ఆగిపోయింది. బండి వెనక్కి జారబోయింది. ముందు బ్రేకు గట్టిగా పట్టి, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడ్డాను. వెనక వస్తున్న ఇంకో లారీ హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది.

తప్పు బండిది కాదు. మూడో గేరులో ఉన్నాను, మొదటి గేరులో ఉండాల్సింది. కానీ మా ఆవిడ దిగి రోడ్డు పక్కన నిలబడి, "ఏవండీ, మనం కొనబోయేది ఇలాంటిదే అయితే నేను బస్సులో వస్తాను" అంది. ఆమె కోపంతో అనలేదు, భయంతో అంది. బండి కొనడం నాకు ఆ రోజు నుంచే నిజమైన పని అయింది.

మాది కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. మా తాత బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, సంతలో దేశియా మాట్లాడుతూ పెరిగాం. స్ప్రేయర్లు, నీళ్ళ మోటార్ల విడిభాగాల కొట్టు నాది. వారానికి రెండుసార్లు సాలూరు దిగి సరుకు తెచ్చుకోవాలి. సాలూరు మైదానంలో ఉంటుంది, మా ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తున. ఆ ఎక్కుడంతా ఘాటీలోనే. పదకొండేళ్ళు తిప్పిన 125 బండికి ఓపిక అయిపోయింది.

షోరూముకి వెళ్తే రెండు కిలోమీటర్లు, అదీ టౌన్లో చదును రోడ్డు మీద నడిపి చూడమన్నారు. ఇద్దరం కూర్చుని ఘాటీలో చూస్తామంటే కుదరదన్నారు. చదును రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది. అక్కడ చూసి లక్షలు పెట్టమంటే నాకు మనసొప్పలేదు.

అడిగిన వాళ్ళంతా రెండు మాటల్లో ఒకటి చెప్పారు. ఒకటి, "కొండకి టార్క్ బండే". రెండోది, "కాగితం మీద చూడు, 25 గుర్రాలు పెద్దవా 20 గుర్రాలు పెద్దవా?" టార్క్ అంటే ఇంజన్ తిప్పే బలం, గుర్రాలంటే హార్స్‌పవర్, అంటే మొత్తం పవర్. రెండూ విన్నాక నాకు మరింత అయోమయం పట్టుకుంది. నేను పోల్చి చూసింది రెండు బండ్లని. 200 డ్యూక్‌ది 10,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 25 హార్స్‌పవర్, 8,000 దగ్గర 19 న్యూటన్ మీటర్ల పైచిలుకు టార్క్. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ది 6,100 దగ్గర 20 హార్స్‌పవర్, 4,000 దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్. ఒకదానిలో ఒకటి ఎక్కువ, ఇంకొకదానిలో ఇంకొకటి ఎక్కువ.

ముడి విప్పింది సాలూరులో నా పాత బండి చూసే మేస్త్రి. సాలూరంటే లారీల ఊరు. అక్కడి మేస్త్రుల చేతులు ఇంజన్ల మధ్యే పెరుగుతాయి. ఆ రోజు ఆయన షెడ్డులో ఒక క్లాసిక్ 350 బోరు, ఒక 200 డ్యూక్ బోరు (పిస్టన్ ఆడే గొట్టం) విప్పి గోనె పట్టా మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. నా గొడవంతా విని, ఏమీ మాట్లాడకుండా వెర్నియర్ అనే కొలత పరికరం తీసి రెండు బోర్లలోనూ పెట్టాడు. రెండూ 72 మిల్లీమీటర్లు. రెండు పిస్టన్లూ ఒకే వెడల్పు! 200 సీసీ, 350 సీసీ అని మనం అంత తేడాగా చెప్పుకునే ఇంజన్ల నోళ్ళు ఒకటే సైజు. తేడా అంతా స్ట్రోక్‌లో, అంటే పిస్టన్ పైనుంచి కిందికి తిరిగే దారిలో. డ్యూక్‌లో అది 49 మిల్లీమీటర్లు, క్లాసిక్‌లో 85.8.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. చుట్టుకి పిస్టన్ పైకొకసారి, కిందికొకసారి వెళ్తుంది. 49 దారిలో నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే పిస్టన్ పరుగు సెకనుకి 16 మీటర్ల పైచిలుకు. 85.8 దారిలో 6,100 చుట్లు తిరిగితే 17 మీటర్ల పైచిలుకు. ఒకటి గిర్రున తిరుగుతుంది, ఇంకొకటి బద్ధకంగా కొట్టుకుంటుంది అని మనకి అనిపిస్తుంది కానీ, లోపల పిస్టన్లు దాదాపు ఒకే వేగంతో పరుగెడుతున్నాయి. పొడుగు దారి ఉన్న ఇంజన్‌ని 10,000 తిప్పమంటే ఎందుకు తిప్పలేమో నాకు అప్పుడు అర్థమైంది. పొడుగు స్ట్రోక్ ఉంటే టార్క్ వస్తుందని అందరూ అంటారు. టార్క్ ముఖ్యంగా వచ్చేది 350 సీసీ అన్న సైజు నుంచి. పొడుగు స్ట్రోక్ చేసే పని, చుట్లకి హద్దు పెట్టడం. ఆ హద్దు లోపలే, తక్కువ చుట్ల దగ్గరే గాలీ పెట్రోలూ బాగా నిండేలా ఆ ఇంజన్‌ని తయారు చేస్తారు.

మా కుందులి సంతలో అల్లం బస్తాలు మోసేవాళ్ళని రోజంతా చూడొచ్చు. ఒకతను పెద్ద బస్తా ఎత్తి నింపాదిగా నాలుగుసార్లు తిరుగుతాడు. ఇంకొకతను చిన్న బస్తాతో పరుగున ఎనిమిదిసార్లు తిరుగుతాడు. సాయంత్రానికి లారీలో ఎవరు ఎక్కువ సరుకు వేశారన్నది పవర్. ఒక్కసారికి ఎంత ఎత్తగలడన్నది టార్క్. రెండో అతనే ఎక్కువ వేసి ఉండొచ్చు. కానీ జనం అడ్డం వచ్చి పరుగు ఆగిందా, అతని లెక్క పడిపోతుంది. మొదటి అతనికి ఆ ఇబ్బంది తక్కువ. ఆ మలుపులో లారీ వెనక నాకు జరిగింది ఇదే.

లెక్కతో తృప్తి పడలేదు. మేనల్లుడి డ్యూక్, పొట్టంగిలో స్నేహితుడి క్లాసిక్, రెండూ ఒక్కో ఆదివారం అడిగి తీసుకుని సుంకి నుంచి పొట్టంగి వైపు ఒకే ముక్క ఎక్కాను. ముందు ఒక్కణ్ణే, తర్వాత మా ఆవిడతో, సంచితో.

ఒక్కణ్ణే ఉన్నప్పుడు డ్యూకే ముందు చేరింది, సందేహం లేదు. 7,000 దాటనిచ్చి, మలుపు ముందే రెండో గేరుకి దించితే అది ఎగిరెళ్ళిపోతుంది. "కొండకి టార్క్ బండే" అన్నవాళ్ళ మాట అక్కడే తప్పింది. ఎందుకంటే కొండ ఎక్కించేది ఇంజన్ దగ్గరి టార్క్ కాదు, గేర్లు హెచ్చించాక వెనక చక్రానికి చేరేది. చిన్న ఇంజన్ అయినా కింది గేరులో గట్టిగా తిప్పితే చక్రం దగ్గర లాగుడు తక్కువేమీ కాదు.

ఇద్దరం ఎక్కాక కథ మారింది. నేను గేరు మార్చిన ప్రతిసారీ మా ఆవిడ హెల్మెట్ నా హెల్మెట్‌కి 'టక్'మని తగులుతుంది. క్లచ్ నొక్కితే బండి ఒక్క క్షణం తగ్గుతుంది, ఆమె ముందుకొస్తుంది. ఆ చప్పుడే నాకు కొలత అయింది. నాలుగైదు కిలోమీటర్ల ఆ ముక్కలో డ్యూక్ మీద నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. క్లాసిక్ మీద పదకొండు. లారీ వెనక పడితే రెండో గేరులోనే ఉండి కొద్దిగా వదిలి, మళ్ళీ కొద్దిగా తిప్పితే చాలు, బండి కిందనుంచి ఎవరో చెయ్యి వేసి తోసినట్టు కదిలింది. పైకి చేరాక మా ఆవిడ మెడ రాసుకోలేదు. డ్యూక్ మీద వచ్చినరోజు రాసుకుంది.

క్లాసిక్‌లో నాకు ఇబ్బంది అనిపించింది బరువు. 195 కిలోలు. మా ఇల్లు ఏటవాలు సందులో ఉంది. సరుకుతో వచ్చి దాన్ని వెనక్కి తోసి స్టాండు వేయాలంటే నా మోకాలు ఒప్పుకోదు. అందుకని అదే రకంలో హోండా హైనెస్ సీబీ 350 కూడా చూశాను. 70 బోరు, 90.5 స్ట్రోక్, 3,000 ఆర్‌పీఎంకే 30 న్యూటన్ మీటర్లు, బరువు 181 కిలోలు. పద్నాలుగు కిలోలంటే కాగితం మీద చిన్న అంకె, సందులో మాత్రం పెద్దదే. అదే తీసుకున్నాను. అడ్రసు కోరాపుట్ జిల్లాది కాబట్టి కింద విజయనగరంలో ధర ఎలా ఉందన్న ఆలోచన మానేసి, ఓడీ 10 నంబరుతోనే రిజిస్టర్ చేయించాను.

కొన్నాక మొదటి నెల ఒక తప్పు చేశాను. ఇది కొత్తగా కొనేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. టార్క్ ఉంది కదా అని ఎక్కుడులో నాలుగో గేరులోనే ఉండి, గేరు దించకుండా పూర్తిగా ఎక్సిలేటర్ తిప్పేవాణ్ణి. కింద ఎవరో మేకులు కొడుతున్నట్టు టకటక చప్పుడు. మేస్త్రి బండి నడిపి చూసి గట్టిగానే మందలించాడు. "లాగడం వేరు, ఈడ్చడం వేరు బాబూ. 2,000 కింద పడిందంటే గేరు దించెయ్. టార్క్ ఉన్నది గేరు మార్చకుండా ఉండడానికి కాదు." అలా ఈడిస్తే ఇంజన్ లోపల పెట్రోలు అదునుకి ముందే పేలి పిస్టన్‌ని, బేరింగుల్ని దెబ్బతీస్తుందట. పైగా మాలాంటి ఎత్తున గాలి పలుచన. మా ఊరు చేరేసరికి ఏ బండికైనా పదో వంతు బలం పోతుందని లెక్క. ఆ రోజు నుంచి చెవి ఇంజన్ మీదే పెట్టి నడుపుతున్నాను.

దిగేటప్పుడు రెండో గేరు, మరీ పల్లం ఉంటే మొదటిది. బ్రేకుల మీదే ఘాటీ అంతా దిగితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఈ మాట ఏ బండికైనా ఒకటే.

సాలూరు నుంచి విజయనగరం వైపు చదును రోడ్డులో నా బండి 80 దగ్గర హాయిగా ఉంటుంది. 95 దాటాక దాని దగ్గర ఇంక పెద్దగా మిగలదు. దాటాల్సిన బస్సు ముందుంటే తొందరపడను. డ్యూక్ అక్కడ రెండు గేర్లు దించి ఊపందుకుని వెళ్ళిపోతుంది. అది నేను వదులుకున్న సంగతే, తెలిసే వదులుకున్నాను.

మొన్న మేనల్లుడు వచ్చి, "మావయ్యా, నాదీ అమ్మేసి నీలాంటిదే తీసుకోనా?" అన్నాడు. వాడు విశాఖలో చదువుతున్నాడు. నెలకోసారి ఒక్కడే ఘాటీ ఎక్కుతాడు, మిగతా రోజులన్నీ నాలుగు లైన్ల రోడ్లే. వెనక కూర్చునేవాళ్ళు లేరు, సంచీ లేదు. అమ్మొద్దన్నాను. తాళం అడిగి పుచ్చుకుని, ఒక్కణ్ణే పొట్టంగి దాకా వెళ్ళొచ్చాను. మలుపు ముందే రెండో గేరు వేశాను ఈసారి. 8,000 దాటాక ఆ ఇంజన్ గొంతు మారింది, కొండ నా వైపే జరిగి వచ్చినట్టయింది. అరగంటలో వస్తానన్నవాణ్ణి గంటన్నర తర్వాత వచ్చాను. వాడు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు, నా ముఖం చూసి మళ్ళీ అమ్మే మాట ఎత్తలేదు.