కుప్పలు పడని చావు

పాకాల దగ్గరి మా మామిడి తోపులో పెట్టిన రెండు తేనెపెట్టెల్లో ఒకటి, నిరుడు పూత కాలంలో, పెట్టె ముందు చచ్చిన ఈగ పెద్దగా కనబడకుండానే రోజురోజుకూ పలుచబడిపోయింది. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు కోసం మేమే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టించి అప్పటికి వారం దాటింది. మందు ఈగలను చంపి ఉంటే పెట్టె ముందు కుప్పలు పడి ఉండేవి కదా అని మా చిన్నాయన అంటే, నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మా పెట్టె సంగతి రుజువు చేయలేను గాని, కుప్పలు లేవు కాబట్టి మందు తప్పు లేదనుకోవడం మాత్రం పొరపాటని ఆ తరువాత చదివితే తెలిసింది.

ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ వంటి నియోనికోటినాయిడ్లు అనే తరహా పురుగుమందులు కీటకాల నరాలలో, కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకునే చోట తిష్ఠ వేస్తాయి. మోతాదు ఎక్కువైతే ఈగ వణికి, కాళ్లూ రెక్కలూ చచ్చుబడి చనిపోతుంది. అంతకంటే తక్కువైతే బతుకుతుంది గాని దారి తప్పుతుంది. సూర్యుణ్ణీ దారిలోని గుర్తులనూ చూసుకుంటూ కిలోమీటర్ల దూరం పోయి, తిరిగివచ్చి, పూలున్న దిక్కును నాట్యంతో తోటివాటికి చెప్పే ప్రాణి అది; ఆ నాట్యం గుట్టు విప్పినందుకే కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్తకు 1973లో నోబెల్ వచ్చింది. ఫ్రాన్స్ పరిశోధకులు ఈగల వీపులకు చిన్న రేడియో బిళ్లలు అతికించి, చంపనంత థయామిథాక్సామ్ తాగించి దూరంగా వదిలితే, మందు తాగనివాటికంటే ఎక్కువగా అవి గూటికి చేరలేదని 2012లో ప్రకటించారు. మేతకు పోయినవి రాకపోతే, గూటిలో పిల్లపురుగులను సాకవలసిన లేత ఈగలు ముందే బయటికి పోవలసి వస్తుంది; అందుకే పెట్టె లోపలినుంచి ఖాళీ అవుతుంది.

మందు ఉన్న పూల మీద ఈగలు వాలవులే అనే ధీమా మా వైపు రైతులకు ఉంది. 2015లో వెలువడిన ప్రయోగాలలో అవి ఈ మందుల రుచిని పసిగట్టలేకపోవడమే కాక, మందు కలిపిన చక్కెర పాకాన్నే ఎక్కువగా తాగాయి. బూడిద తెగులుకని అదే ట్యాంకులో హెక్సాకొనజోల్ వంటిది కలపడం ఇంకొక చిక్కు, ఎందుకంటే ఈ తరహా శిలీంధ్రనాశినులు విషాన్ని విరిచే ఈగ ఎంజైములను అడ్డుకుని, కొన్ని పురుగుమందుల ఘాటును పెంచుతాయి. (మామిడి పూత మీద తేనెటీగల కన్నా మామూలు ఈగలే ఎక్కువ వాలతాయి, వాటినీ ఈ మందు వదలదు.)

ఐరోపా సమాఖ్య 2018లో మూడు నియోనికోటినాయిడ్లను ఆరుబయట పొలాలలో నిషేధించింది. మేము ఈసారి మొగ్గ విచ్చకముందే ఒక్కసారి కొట్టించి, పూత విచ్చాక ఆపేశాము. పక్క తోపు ఆయనను కనీసం పొద్దుగూకాక కొట్టించమని అడిగాను. మొక్క లోపలికి ఇంకిపోయే ఇలాంటి మందుకు దానివల్ల పెద్ద తేడా ఉండదని తెలిసినా, రెక్కల మీద నేరుగా పడకుండానైనా ఉంటుందని ఆశ. "ఆ పొద్దుకు కూలోళ్లు యాడ దొరుకుతారు నాయనా" అన్నాడు. ఆయన తోపు మా పెట్టెకు అర కిలోమీటరు కూడా లేదు.