చిన్నాయన డీటీపీ సెంటర్‌కి కొత్త సిస్టమ్

శనివారం, రాత్రి

చిన్నాయన పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి వచ్చాడు. చంకలో పాత కేబినెట్, దుప్పట్లో చుట్టి. హన్మకొండలో ఆయనది డీటీపీ సెంటర్. పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, బోనాలప్పుడు ఫ్లెక్సీలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. ఆ కేబినెట్‌లో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్. దాని మీదే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాడు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఏమో ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్‌ని, ఒకటీ అరా తప్ప, అధికారికంగా ఒప్పుకోదు. అప్‌డేట్లు ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చని చెప్పాను.

"ఏడాదయినంక మళ్ల నీ దగ్గరికే రావాలె గదా బిడ్డా. అయ్యేదేదో ఇప్పుడే కానీ."

ఆయన పనికి ఎంత మెషీన్ కావాలని లెక్కేస్తే నవ్వొస్తుంది. ఆయన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబ్ దాన్ని ఎప్పుడో వదిలేసింది, మన డీటీపీ సెంటర్లు మాత్రం వదల్లేదు. వదలమని చెప్పడం తేలికే. కానీ ఆయన దగ్గరున్న ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట అర్థంలేని గీతలు, గుర్తులు కనిపిస్తాయి. పెద్ద కూతురి పెండ్లి పత్రిక చేయించినవాళ్లు చిన్న కూతురికీ ఆయన దగ్గరికే వస్తారు, "అదే డిజైన్‌లో పేర్లు మార్చు" అంటారు. ఆయన వ్యాపారమంతా ఆ పాత ఫైళ్లే. కాబట్టి మెషీన్ మారాలి, పని మారకూడదు.

సామాన్లు కొనడానికి సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కుతుండగానే ఒక కుర్రాడు అడ్డంపడ్డాడు. "గేమింగా సార్, ఎడిటింగా?"

"పెండ్లి పత్రికలు" అన్నాడు చిన్నాయన. వాడికి కాసేపు ఏం అమ్మాలో తోచలేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ర్యామ్ గురించే. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ధరలు కొండెక్కాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మడమే మానేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే కొత్త సాకెట్ ఏఎం5. ఆ బోర్డు కొంటే కొత్త రకం ర్యామ్ డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. అందుకే వెనక్కి వచ్చి, డీడీఆర్4 ర్యామ్ పట్టే పాత సాకెట్ ఏఎం4 తీసుకున్నాను. 2016లో వచ్చిన సాకెట్, ఇక ముందుకు పోయేది లేదు, అయినా చిన్నాయనకి ఏం ఫరక్ పడదు. డీడీఆర్4 కూడా చవగ్గా లేదు గానీ డీడీఆర్5 అంత భయపెట్టలేదు.

"పాతదాంట్ల ర్యామ్ ఉన్నది గదా, అది పెట్టరాదు?" అని ఆయన ఆశ. అది డీడీఆర్3. గాటు ఉండే చోటే వేరు, స్లాట్‌లో కూర్చోదు. పక్కపక్కన పెట్టి చూపిస్తేగాని నమ్మలేదు.

ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ. ఆరు కోర్లు, 65 వాట్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది కాబట్టి వేరే కార్డు అక్కర్లేదు. చివర జీ లేని 5600 కాస్త నయమని షాపులో ఊరించారు. దానికి గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే తెర మీద చుక్క కూడా రాదన్న సంగతి మాత్రం ఎత్తలేదు. డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ వద్దని డబ్బాలోదే అడిగాను. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ దాంతోపాటే వస్తుంది, వారంటీ గొడవ ఉండదు. ఎస్ఎస్‌డీ లాంటివాటిని ప్రాసెసర్‌తో కలిపే దారి పీసీఐఈ. 5600జీ అందులో మూడో తరం దాకానే పోతుంది, అందుకని నాలుగో తరం ఎస్ఎస్‌డీకి డబ్బులు పెట్టలేదు, 500 జీబీ మామూలు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ చాలనుకున్నాను. బిల్లు దగ్గర అలవాటు ప్రకారం "జీఎస్టీతోనా, లేకుండానా?" అన్నారు. 18 శాతం మిగుల్చుకుని రేపు వారంటీకి ఏం చూపిస్తాం? బిల్లుతోనే తీసుకున్నాం, సీరియల్ నంబర్లు రాయించుకుని మరీ.

బోర్డు దగ్గర మాత్రం ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. వీజీఏ పోర్టున్న ఏ520 బోర్డు తీసుకుందామని ఆయన, ఎందుకంటే హన్మకొండలో తన మానిటర్ పాతది, వీజీఏ తప్ప ఇంకోటి లేదు. వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బీ550 కావాలని నేను. బయోస్ అంటే బోర్డుని నిద్రలేపే చిన్న సాఫ్ట్‌వేర్. బీ550 బోర్డులు 2020లో వచ్చాయి, 5600జీ 2021 ఆగస్టులో. అంతకు ముందు తయారై అరలో పడున్న బోర్డుకి ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. బటన్ ఉంటే ప్రాసెసర్ గుర్తుపట్టకపోయినా బయోస్ ఎక్కించొచ్చు. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి కన్వర్టర్ కొంటే సరి. షాపులో ఆ బోర్డు ఒక్కటే మిగిలింది, కింది అరలోంచి దుమ్ము దులిపి ఇచ్చారు.

సిస్టమ్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ 450 వాట్లు. 650 తీసుకోండని పోరుపెట్టారు. ఈ సిస్టమ్ ఎంత గట్టిగా పనిచేసినా 150 వాట్లు దాటదు. ఆ మిగిలిన డబ్బు కాస్త పేరున్న కంపెనీది కొనడానికి పెట్టాను. పాత కేబినెట్‌లో ఉన్నదాన్నే వాడతానన్నాడు గానీ, చేతిలోకి తీసుకుంటే ఎండిన సొరకాయంత బరువుంది. లోపల ఏమీ లేదని బరువే చెబుతోంది.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక కూర్చున్నాం. కేబినెట్‌లో బిగించకుండా ముందు బోర్డు అట్టపెట్టె మీదే అన్నీ పెట్టాను. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఒక్కటి వంగినా కథ కంచికే. కూలర్‌కి స్క్రూలు బిగించాలంటే బోర్డు మీది ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పాలి, విప్పగానే వెనక ఉన్న ప్లేటు ఊడి కింద పడుతుంది. చిన్నాయన్ని ప్లేటు పట్టుకోమన్నాను. శుభలేఖకి పసుపు పెట్టినంత జాగ్రత్తగా పట్టుకున్నాడు.

పవర్ ఇస్తే ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది. బోర్డు మూల నాలుగు చిన్న లైట్లుంటాయి, సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని. సీపీయూ దగ్గర ఎర్రగా ఆగిపోయింది.

చిన్నాయన వెంటనే షాపుకి ఫోన్ కొట్టాడు. "ప్రాసెసర్ పోయి ఉంటది, తీసుకురండి, చూస్తాం" అన్నారట. ప్రాసెసర్ ఊరికే పోవడం చాలా అరుదు. పైగా కూలర్ పీకితే దాని కింది పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడిరావచ్చు, ఏఎం4తో వచ్చే తంటా ఇదే. అన్నీ అయ్యాక చివర చేయాల్సిన పని అది.

పైన ఎనిమిది పిన్నుల సీపీయూ కేబుల్ సరిగ్గానే ఉంది. ఒక ర్యామ్ తీసేసి, రెండోదాన్ని ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో ఉంచాను. మార్పు లేదు. రెండు ర్యామ్‌లూ ఒకేసారి చెడటం అరుదు, అయినా మార్చి చూశాను. బయోస్ సెట్టింగులు మొదటికి రావాలని బోర్డు మీది గుండ్రటి సెల్ తీసి కాసేపాగి పెట్టాను. అదే ఎరుపు. అప్పుడు డబ్బా మీద స్టిక్కర్ చూస్తే బయోస్ వెర్షన్ ఉంది. కంపెనీ సపోర్ట్ లిస్టులో 5600జీకి కావాల్సింది అంతకన్నా తర్వాతిది. చిక్కు దొరికింది.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కొత్త బయోస్ దించి, మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, గుర్తున్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి బటన్ నొక్కాను. లైటు మిణుకుమంటోంది. మధ్యలో కరెంటు పోతే బయోస్ పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి అంతా యూపీఎస్ మీదే పెట్టాను. చిన్నాయన మాత్రం ఫ్యాన్ స్విచ్ కూడా ఆపించాడు, లోడ్ పడుతుందని. ఉక్కపోతలో ఇద్దరం లైటు కేసి చూస్తూ కూర్చున్నాం. అది ఆగాక పవర్ ఇస్తే, కాసేపటికి తెర మీద కంపెనీ బొమ్మ వచ్చింది.

విండోస్ ఎక్కించాక ఆయనకో అనుమానం. "16 జీబీ అని పైసలు తీసుకున్నరు. ఇండ్ల 13.9 అని చూపెడుతున్నది. రెండు జీబీ కొట్టేసిండ్రా?" గ్రాఫిక్స్ లోపలే ఉంది కాబట్టి ర్యామ్‌లోంచే దానికి వాటా పోతుంది. బయోస్‌లో రెండు జీబీ ఉన్నదాన్ని 512 ఎంబీకి తగ్గించాను, 15.4 అయింది. పత్రికలకి అది చాలు. అక్కడే ఇంకోటి చూశాను. 3200 వేగం ఉన్న ర్యామ్ 2666లోనే నడుస్తోంది. ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేయకపోతే అంతే, చాలామంది సంవత్సరాలు అలాగే వాడేస్తారు.

పాత కేబినెట్‌లోనే అన్నీ బిగించాం. ముందున్న యూఎస్‌బీలు పాత రకం తొమ్మిది పిన్నులవే, కొత్త బోర్డులోనూ ఆ సాకెట్ ఉంది. మా పిన్ని వీడియో కాల్‌లో చూసి, "డబ్బా అదే, గీతలు అవే. పైసలు దేనికి పెట్టినవ్?" అంది. చిన్నాయన బిల్లు జేబులో ఇంకాస్త లోపలికి తోశాడు.

రాత్రి రైలుకి వెళ్తూ పాత హార్డ్‌డిస్క్ తీసుకుపోతున్నాడు. దాన్ని ఫార్మాట్ చేయించొద్దని, సాటా కేబుల్‌తో కొత్తదానికి తగిలించి ముందు ఫైళ్లన్నీ కాపీ చేసుకోమని, ఆ తర్వాతే అను ఎక్కించమని కాగితం మీద రాసిచ్చాను. వచ్చే వారం యూపీఎస్ సంగతి చూడాలి. ఆయన షాపులో ఉన్నది చవక రకం, కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారినప్పుడు కొత్త ఎస్ఎంపీఎస్ దానితో సర్దుకుంటుందో లేదో అక్కడ ప్లగ్ పీకి చూస్తే గానీ తేలదు.