నీ బొమ్మల్లో ఇల్లు తడవదు

మా అమ్మ ఇంటి వీధరుగు మీద కూర్చుని, నేనిచ్చిన పెన్సిలు పక్కన పెట్టేసి మా పెద్దమ్మాయి అంది: "నేను వెయ్యనమ్మా. నీ బొమ్మల్లో ఇల్లు తడవదు."

జులై రెండో వారం. పొద్దుటినుంచీ ముసురు. గోదారి పాయ వైనతేయలోకి వరద ఎర్రనీరు వచ్చేసిందని పాలు పోసే అబ్బాయి చెప్పి వెళ్ళాడు. నేను అడిగింది పెద్ద కోరికేమీ కాదు. సెలవులకి వచ్చాం కదా, అమ్మమ్మకి ఈ ఇంటి బొమ్మ గీసి ఇవ్వు, అమలాపురంలో ఫ్రేము కట్టించి మండువాలో పెడదాం అన్నాను. దానికి 13 ఏళ్ళు. నాతో తెలుగులో మొదలుపెట్టిన మాట సగంలోనే ఇంగ్లీషులోకి జారిపోతుంది. ఆ రోజు మాత్రం మొత్తం తెలుగులోనే అంది. అందుకే అంత లోతుగా దిగింది. "తడవడమేంటి, పెంకు సర్దించి రెండు నెలలు కాలేదు" అని కసిరాను. అది నా మొహంలోకి చూసి ఊరుకుంది.

తిరిగొచ్చి ఇన్ని వారాలైనా ఆ మాట నన్ను వదల్లేదు.

బొమ్మలు నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు వారపత్రికల్లో బాపు గారి బొమ్మల మీద పల్చటి కాగితం పెట్టి గీసేదాన్ని. ఆయన 1933లో గోదారి ఇంకో పాయ వశిష్ఠ అవతలి ఒడ్డున, నరసాపురంలో పుట్టారని నాన్న చెప్పినప్పుడు, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి దాటితే వచ్చే ఊళ్ళోంచి అంత గీత పుట్టిందా అని ఎంత ఆశ పుట్టిందో. తర్వాత చదువు, పెళ్ళి, ఈ పరాయి దేశం. పెద్దది పుట్టాక, అది నిద్రపోయిన గంటలో మళ్ళీ పెన్సిలు పట్టాను. ముందు హెచ్‌బితో లేతగా, తర్వాత 2బి, నీడలకి 4బి, నూతి లోపలి చీకటికి 6బి. పెన్సిలు ములుకు గ్రాఫైటూ బంకమట్టీ కలిపి కాల్చి చేస్తారనీ, మట్టి తగ్గి గ్రాఫైటు పెరిగేకొద్దీ గీత నల్లబడుతుందనీ చదివిన రోజున, అయితే మా ఊరిని మట్టితోనే గీస్తున్నానన్నమాట అని సంతోషపడ్డాను.

ఇప్పటికి 60 పైచిలుకు బొమ్మలయ్యాయి. అన్నీ మా ఊరే. ప్రతి బొమ్మలోనూ పేర్లు రాశాను: దూలం, వాసం, చూరు, గడప, గాబు, దాలి. పిల్లలిద్దరూ ఆ మాటలు అలాగే నేర్చుకున్నారు. తెలుగు తరగతికి పంపితే రానిది బొమ్మతో వస్తుంది, మీ ఊరు మీరే గీసి పిల్లలకి చూపించండి అని తెలిసిన వాళ్ళందరికీ చెప్పాను. ఇప్పటికీ అది చెడ్డ సలహా అనుకోను. కానీ ఏ ఊరు గీసి చూపించాలి అన్నది నేను ఆలోచించలేదు.

నా బొమ్మల్లో కరెంటు తీగలు లేవు. కాలవలో తేలే ప్లాస్టిక్ కవర్లు లేవు. మా తాతయ్య వరి చేను ఇప్పుడు రొయ్యల చెరువు. నా బొమ్మలో అది ఇంకా వరి చేనే. 1996 నవంబరు 6 తుపానుకి మా తోటలో కొబ్బరి చెట్లు సగానికి విరిగి, పడి, ఏడాది పాటు మోళ్ళుగా నిలబడ్డాయి. నా బొమ్మల్లో అన్నీ నిండు చెట్లే. కళ్ళారా చూసినదాన్ని కూడా రబ్బరుతో తుడిచేశాను. దూరంగా ఉన్నవాళ్ళకి ఆపాటి హక్కు ఉంటుందనుకున్నాను.

మా అమ్మాయి దారి వేరు. 11 ఏళ్ళప్పుడు బడిలో దానికి మోడలింగ్ పేస్టు పరిచయమైంది. సుద్దలాంటి పొడి, అక్రిలిక్ జిగురు కలిపిన ముద్ద. దాన్ని కాన్వాసు మీద మందంగా పులిమి, కత్తితో లాగి, గోకి, ఇసుకో గుడ్డపీలికో అద్ది, ఆరాక పైన పల్చటి రంగు పోసి తుడుస్తుంది. గుంటల్లో రంగు నిలుస్తుంది, మిట్టలు తెల్లగా మిగులుతాయి. ఇది ఫలానా అని చెప్పడానికి అందులో ఏమీ ఉండదు. గీయడం చేతకాక చేసే పని అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, షరతు పెట్టాను: రోజూ అరగంట పెన్సిలు, ఆ తర్వాతే పేస్టు. చిన్నవాడు నేను చెప్పింది చెప్పినట్టు గీస్తాడు. దాని ఎదురుగానే వాణ్ణి మెచ్చుకునేదాన్ని. పిల్లలిద్దరినీ పోల్చకూడదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

2023లో ఊరికి వెళ్ళినప్పుడు అది వెనక వసారా గోడ దగ్గరే గంటలు గడిపింది. మాది సముద్రానికి దగ్గర, నేలలో నీళ్ళు పైకే ఉంటాయి. ఇటుక ఆ చెమ్మని పీల్చుకుంటుంది. నీరు ఆరిపోతుంది గానీ అందులోని ఉప్పు సున్నం వెనకే పేరుకుని పెచ్చుని బయటికి తోసేస్తుంది. ఒకచోట నీలం కలిపిన సున్నం, దాని కింద పసుపు, దాని కింద ఇంకో తెలుపు, ఆ కింద ఇటుక. మా పెళ్ళిళ్ళకి, సంక్రాంతులకి వేసిన వెల్లలన్నీ పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఆ గోడ మీద కాగితం పెట్టి నా 6బి పెన్సిలు అడ్డంగా పట్టుకుని రుద్దుతుంటే నేను వెళ్ళి లాక్కున్నాను. "పెన్సిలు అరిగిపోతోంది. చూసి గియ్యి, రుద్దడమేంటి?"

అంతటితో ఆగలేదు. ఆ ఏడు చిన్నవాడికి తుమ్ములు పట్టుకున్నాయి. ఇల్లు పాడుబడిందని పిల్లలు అనుకుంటారేమోనని నాకు లోపల చిన్నతనం. ఈ మే నెలలో డబ్బు పంపి ఆ గోడంతా గోకించి, ప్రైమరు కొట్టించి, రెండు కోట్లు పుట్టీ పెట్టించి, పైన లేత గోధుమ రంగు ఎమల్షన్ వేయించాను. పెయింటరు ఫోటోలు పంపితే అచ్చు నా బొమ్మలాగే ఉందని మురిసిపోయాను. బొమ్మని ఇంటిలాగా గీయడం చేతకాక, ఇంటినే బొమ్మలాగా చేయించాను.

జులైలో దిగగానే అది చెప్పులు విడిచి నేరుగా వసారాలోకి వెళ్ళింది. కాసేపు నిలబడి, అరచెయ్యి గోడకి ఆనించి, తిరిగి వచ్చేసింది. ఏమీ అనలేదు. నేనూ ఎలా ఉందని అడగలేదు.

అది బొమ్మ వెయ్యనన్న మర్నాడు రాజమండ్రి తీసుకెళ్ళాను, దామెర్ల రామారావు గారి చిత్రశాలకి. నా ఉద్దేశం మంచిది కాదు. అసలైన బొమ్మ అంటే ఏమిటో చూస్తే మారుతుందనుకున్నాను. 1897లో పుట్టిన మనిషి. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలో ఉన్నది కనిపెట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్ళేలా చూశాడు. తిరిగొచ్చి, 1925లో, 28 నిండకుండానే మశూచితో పోయాడు. ఇదంతా చెప్పాను. అది శ్రద్ధగానే వింది, ఒక్కొక్క బొమ్మా నిలబడి చూసింది. బయటికొచ్చాక అడిగింది: "ఆయన ముసలివాడయ్యేదాకా ఉంటే ఇలాగే వేసేవాడా?" నా దగ్గర జవాబు లేదు. 27 ఏళ్ళకే ఆగిపోయిన చెయ్యి తర్వాత ఎటు తిరిగేదో ఎవరు చెప్పగలరు? అయినా దీని చెయ్యి ఎటు తిరగాలో 13 ఏళ్ళకే నేను నిర్ణయించేద్దామని చూస్తున్నాను.

ఆ రెండు రోజుల తర్వాత, పెయింటరు వదిలేసిన పుట్టీ సంచి పెరట్లో దొరికింది దానికి. కొట్టంలోంచి ప్లైవుడ్ ముక్క తెచ్చుకుంది. పుట్టీలో ఫెవికాల్ కలిపి, పాత తాపీతో వేలెడు మందాన పట్టించింది. అంత మందం పెడితే ఆరేటప్పుడు బీటలు వారుతుందని చెప్పాను. "తెలుసు" అంది. కొబ్బరి పీచు అద్ది పీకేసింది. ఇటికె పొడి, బట్టల నీలం, రేవు దగ్గర చెంబుతో పట్టుకొచ్చిన ఎర్రనీటి అడుగు మడ్డి, అన్నీ ఒకదాని మీద ఒకటి పోసి తుడిచింది. వానలు కదా, ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నట్టే బీటలు వారింది. దాని మొహం చూడాలి అప్పుడు.

అమ్మ వచ్చి కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఇదేంటే బంగారం, వసారా గోడ పెచ్చులూడినట్టుందీ!" అంది. మెచ్చుకోలు కాదు, అమ్మకి నచ్చలేదు. నేను కంగారుపడి ఏదో సర్దిచెప్పబోయాను. పిల్ల మాత్రం అమ్మమ్మని గట్టిగా వాటేసుకుంది. "అదే! అదే గోడ!" రెండేళ్ళుగా అది వేసే బొమ్మలకి నేను అడుగుతున్నది ఒకటే, ఇది ఏంటి అని. ఇది ఏంటో చెప్పిన మొదటి మనిషి మా అమ్మ.

అయినా ఆ ప్లైవుడ్ బొమ్మని మండువాలో పెట్టలేదు. అమ్మ వద్దంది, నేను బలవంతం చెయ్యలేదు. వసారాలో, అదే గోడకి ఆనించి వచ్చేశాం.

తిరిగొచ్చాక ఆగస్టులో ఒక రాత్రి అది తన ఫైలు తెచ్చి, 2023లో రుద్దిన కాగితం నా ముందు పెట్టింది. నేను పెన్సిలు లాక్కునేలోపే ఒకటి పూర్తయిందట. బూడిదరంగు మధ్యలో పెచ్చుల అంచులు నల్లగా తేలాయి. కాస్త కిందగా అడ్డంగా సన్నటి తెల్లగీత. దాని పక్కన రెండు తెల్ల అంకెలు: 86.

"ఇదేంటమ్మా?"

చాలాసేపు మాట రాలేదు. 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన గోదారి. గట్లు తెగాయి. నాకు ఏడేళ్ళు. నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని ఏటిగట్టు మీదికి చేర్చారు. నీళ్ళు తీశాక ఇంటికొచ్చి, గోడ మీద మడ్డి చార ఎంతవరకు ఉందో చూసి, మేకుతో గీత గీసి, పక్కన అంకెలు చెక్కారు. తర్వాత ఎన్ని వెల్లలు వేసినా ఆ గాడి పూర్తిగా పూడలేదు. రుద్దినప్పుడు గాడిలోకి గ్రాఫైటు దిగదు, అందుకే తెల్లగా మిగిలింది. నాన్న పోయి 9 ఏళ్ళు. మే నెలలో ఆ గోడని గోకించినప్పుడు నాకది గుర్తుకే రాలేదు. 60 బొమ్మలు వేశాను, ఒక్కదాంట్లోనూ ఆ గీత లేదు.

ద్రాక్షారామం గుడికి ఎన్నిసార్లు వెళ్ళానో. ఆ గోడల మీది శాసనాలకి నకళ్ళు ఎలా తీస్తారో డిగ్రీలో చదువుకున్నాను కూడా: తడి కాగితం రాతి మీద పరిచి, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. చెక్కిన అక్షరం తెల్లగా నిలుస్తుంది. చూసి రాసుకుంటే మనిషి పొరబడతాడని అలా చేస్తారు. ఇంత తెలిసీ పిల్లని "రుద్దడమేంటి" అన్నాను.

తాతయ్య కథ చెప్పాను దానికి. కన్నీళ్ళేమీ పెట్టుకోలేదు, ఆ గీత మీద వేలు ఆడించి, "ఇంత ఎత్తా?" అని తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. అప్పట్లో నాకు మెడదాకా ఉండేది ఆ గీత.

కథ ఇక్కడితో అయిపోతే నాకూ సుఖంగానే ఉండేది. పోయినవారం అమ్మ ఫోను చేసింది. వసారా మూల పుట్టీ అప్పుడే పొక్కిందట, చెమ్మ వాసనకి రాత్రిళ్ళు దగ్గొస్తోందట, పెయింటరుకి మళ్ళీ చెప్పమంది. నా నోట్లోంచి వచ్చిన మాట: "ఆగమ్మా, అప్పుడే గోకించకు." పుట్టీ పూర్తిగా ఊడితే కింద నాన్న గాడి ఏమైనా మిగిలిందేమో చూడాలని. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీ ఇష్టమే" అని పెట్టేసింది.

ఫోను పెట్టాక నాకు తెలిసింది, నేనేమీ మారలేదు. మొన్న గోడ అందంగా కనిపించాలని గోకించాను, ఇప్పుడు పాతదిగా కనిపించాలని ఆపుతున్నాను. రెండుసార్లూ ఆ గోడ పక్కన మంచం వేసుకుని పడుకునేది మా అమ్మ. పిల్లలకి ఊరిని ఉన్నదున్నట్టు చూపించాలని ఇప్పుడు అంటున్నాను సరే, ఆ ఉన్నదాంట్లో అమ్మ దగ్గు కూడా ఉంది. ఎవరి కోసం ఏది కాపాడాలో నాకు నిజంగా తెలియడం లేదు.

రాత్రి అన్నం తింటుంటే పిల్లకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను, గోడ తిరిగొస్తోంది కదా. అది చెయ్యి ఆపి చూసింది. "అమ్మమ్మ దగ్గుతోంటే ఎందుకు ఆగడం? నా దగ్గర కాగితం ఉంది కదా."

తెల్లారి పెయింటరుకి ఫోను చేశాను. "ఇప్పుడొచ్చి లాభం లేదండి. వానలు తగ్గాలి, గోడ ఆరాలి. కార్తీకంలో వస్తానండి" అన్నాడు. అప్పటిదాకా మంచం వీధి గదిలోకి మార్చుకోమని అమ్మకి చెప్పాను.