చిక్కపేట స్టేషనూ, పదిహేను కిలోల మూటా

బెంగళూరు చిక్కపేటలో పట్టుచీరల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాయడం నా ఉద్యోగం. మెట్రో వచ్చాక, జీతం పెరగకుండానే ఇంకో పని నెత్తిన పడింది: దారి చెప్పడం.

"అన్నా, స్టేషన్ బయటికి వచ్చాను. ఎటు చూసినా చీరల అంగళ్లే. మీదెక్కడ?" హిందూపురం నుంచి వచ్చినామె ఫోను.

"ఎదురుగా ఏముందమ్మా?"

"తోపుడుబండి."

తోపుడుబండిని ఆనవాలు పట్టుకుని ఈ పేటలో దారి చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. చివరికి కుర్రాణ్ణి పంపాల్సిందే.

ఆమెను అనడానికీ లేదు. కెంపేగౌడ 1537లో కట్టించిన పాత ఊరికి ఇది నడిబొడ్డు. ఇక్కడ వీధిలో స్తంభాలు నాటి రైలు నడపాలంటే సగం బజారు కూల్చాలి. అందుకే నేల కింద తవ్వారు. పెద్ద బస్టాండు ఉన్న మెజెస్టిక్ వైపు సొరంగం తొలిచిన యంత్రాలకు కృష్ణ, గోదావరి అని పేర్లు. వాటిలో గోదావరి దారిలో మొరాయించి నెలల తరబడి కూర్చుంది. మా యజమాని కాఫీ తాగుతూ, "మన గోదావరి ఎంతదాకా వచ్చిందయ్యా?" అని అడిగేవారు, అదేదో ఆయనకు రావలసిన సరుకైనట్టు. 2016లో అది మెజెస్టిక్‌లో తేలింది. 2017 జూన్‌లో రైళ్లు మొదలయ్యాయి.

ఊరి నుంచి వచ్చి మెజెస్టిక్‌లో దిగినవాళ్లు ఒక్క స్టేషన్ కోసం మెట్రో ఎక్కాలా? చేతులు ఖాళీగా ఉంటే వద్దనే అంటాను. అక్కడ మా స్టేషన్‌కు వచ్చే ఆకుపచ్చ లైను, ఊదా లైనుకంటే కింది అంతస్తులో ఉంటుంది. అంత లోతుకు దిగి, రైలు కోసం నిలబడి, మళ్లీ పైకి వచ్చేసరికి, చురుగ్గా నడిచే మనిషి కొట్టు మెట్లెక్కేస్తాడు. ఎండాకాలం మాత్రం ఈ మాట చెప్పను.

అసలు మార్పు మూటలో వచ్చింది. మెట్రోలో మనిషికి 15 కిలోల సామాను వరకే ఉచితం. సంచి కొలత 60, 45, 25 సెంటీమీటర్లు దాటకూడదు. మా కొట్టులో మూటలు కట్టే పెద్దాయన మునుపు చీరలన్నీ ఒకే గోనెలో పేర్చి, మోకాలితో అదిమి, పురికొస నాలుగు వైపులా తిప్పి, ముడి బిగించి, మిగిలిన కొసను పంటితో తెంపేవారు. ఆ మూట ఆటోలోంచి జారిపడినా విచ్చేది కాదు. ఇప్పుడు ముందు త్రాసు మీద పెట్టి చూస్తారు. జరీ దండిగా ఉన్న పట్టుచీర ముప్పాతిక కిలో తూగినా, ఇరవై చీరలతో సరి. అందుకని చిన్న మూటలు రెండు కడతారు.

"రెండూ నేనే మోస్తే లెక్క దాటదా?" అని ఎవరో అడిగారు.

"ఈసారి మీ ఆడపడుచును కూడా తీసుకురా తల్లీ" అన్నారాయన, తలెత్తకుండా.

ఇప్పుడు నిజంగానే ఇద్దరేసి వస్తున్నారు. వదినకు నచ్చిన అంచు మరదలికి నచ్చదు, మరదలు తీసిన రంగు వదినకు వెలవెలబోయినట్టుంటుంది. పన్నెండింటికి తేలవలసిన బేరం భోజనాలవేళ దాటుతోంది. ఆషాఢం తగ్గింపులకు వచ్చేవాళ్లు పొద్దున్నే బయలుదేరితే మాకూ కాస్త అన్నం దొరుకుతుంది.